లెఫ్ట్ కార్నర్ కాళ్ళు

నేను కబడ్డీ మ్యాట్‌ని. మీటరు పలకలుగా విడిపోయి ఆటోలో సర్దుకుంటాను. అంచుల పళ్ళు కలిపి పరిస్తే 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున్న కోర్టునవుతాను. ఏలూరు, తాడేపల్లిగూడెం, సంక్రాంతికి కొల్లేటి లంకలు... ఎక్కడ పోటీలుంటే అక్కడికి వెళ్తాను. మనుషుల ముఖాలు నాకు తెలియవు, కాళ్ళు తెలుసు.

లెఫ్ట్ కార్నర్‌లో ఆడేవాడి కాళ్ళు మరీ బాగా తెలుసు. అతని ఎడమ పక్కన గీత తప్ప మనిషి ఉండడు. కుడిచేయి పక్కనుండే లెఫ్ట్ ఇన్ ఆటగాడి చేతిలో ఉంటుంది. రైడర్ బోనస్ గీత కోసం కాలు చాచేదాకా మునివేళ్ళ మీద ఆగి, ఒక్కసారిగా వంగి చీలమండ పట్టేస్తాడు. ఏళ్ళ తరబడి ఒకే మూలలో ఆడితే వచ్చిన పట్టు అది. అతన్ని రైట్ కార్నర్‌కి పంపితే ఏ కాలు ముందుండాలి, ఏ భుజం అడ్డం పెట్టాలి అన్నీ తారుమారే. రైడ్‌కి ఉన్నదే 30 సెకన్లు. పట్టుకు దొరికేది అందులో ఓ రెప్పపాటు.

కైకలూరు వైపు ఒక ఊళ్ళో సెమీఫైనల్‌కి ముందు ఓ జట్టు రైట్ కార్నర్ మోకాలు బెణికింది. ఆ స్థానం ఆడే కుర్రాడు బెంచీ మీదే ఉన్నాడు. చిన్నవాడని దించలేదు. లెఫ్ట్ కార్నర్‌ని పిలిచారు.

“అటేపు నాకు అలవాటు లేదు మాస్టారూ.”

“సర్దుకోరా, ఒక్క మ్యాచే కదా.”

అతని మూలలోకి కవర్ జరిగాడు. కవర్‌లోకి వాళ్ళ మేటి రైడర్ వచ్చాడు. దెబ్బ తగిలింది ఒకడికి, చోటు తప్పింది ముగ్గురికి. ఒకడు దూకేసరికి పక్కవాడు కదల్లేదు, చేతుల చెయిన్ తెగిపోయింది. పట్టుల్లో నలిగిన రైడర్ ఆయాసంతోనే కూతకెళ్ళి దొరికిపోయాడు. విరామంలోపే రెండుసార్లు ఆలౌట్! జనం లెఫ్ట్ కార్నర్‌ని తిట్టారు. నాకు కడుపు రగిలింది. ఆ పాదాలు పడ్డ యాతన నాకు తెలుసు.

మూలలు కుదిరితే ఏమవుతుందో 2017 ప్రో కబడ్డీ చూపించింది. మొదటిసారి బరిలోకి దిగిన గుజరాత్ జట్టుకి ఎడమ మూలలో ఫజల్ అత్రాచలి, కుడి మూలలో అబోజర్ మిఘాని. ఇద్దరూ ఇరాన్‌వాళ్ళే. జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. మరుసటి ఏడాది మిఘాని మన తెలుగు టైటాన్స్‌కి వచ్చాడు. అదే 2018లో జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో వాళ్ళ దేశం ఇరాన్ భారత్‌ని 27-18తో ఓడించింది. 1990 నుంచి వరుసగా ఏడు స్వర్ణాలు గెలిచిన జట్టు మనది.

  

అసలు స్థానమే మారకూడదని నేననను. తాడేపల్లిగూడెంలో ఒక అమ్మాయి కవర్ నుంచి రైట్ కార్నర్‌కి మారింది. వేసవంతా రోజూ సాయంత్రం ఆ ఒక్క మూలలోనే సాధన చేసింది. మొదట్లో అడుగు వెనక్కి పడేది. ఇప్పుడు రైట్ ఇన్ ఆడే పిల్ల చేయి నొక్కితే చాలు, దూకేస్తోంది. సంక్రాంతి పోటీలు వచ్చేలోపు ఆ బెంచీ కుర్రాడికీ నా మీద అన్ని సాయంత్రాలు ఇవ్వండి మాస్టారూ.