నేల విడిచిన ఇంగ్లిషు

బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో ఇంగ్లిషు రెండు రకాలు: భూమి కిందిది ఒకటి, భూమి పైది మరొకటి. మొదటిది బొగ్గుతోపాటే వచ్చింది. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇల్లెందు ప్రాంతంలో తవ్వకాలు చేపట్టిన నాటి నుంచి, అది 1920లో సింగరేణిగా మారి, నేడు 51 శాతం రాష్ట్రానికీ 49 శాతం కేంద్రానికీ చెందిన సంస్థగా నిలిచేదాకా, బాయిలోకి, అంటే గనిలోకి, దిగిన ప్రతి కార్మికుడూ దాన్ని ఫీజు లేకుండానే నేర్చుకున్నాడు. బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం హాలేజ్. కప్పు కూలకుండా వదిలిన బొగ్గు స్తంభాలను చివరికి తవ్వి తీసే పని డీపిల్లరింగ్. గనిలోకి ఏటవాలుగా దిగే బాట ఇంక్లైన్, అది చిరునామాల్లోకీ ఎక్కి ఎయిటింక్లైన్ కాలనీ అయింది. వారపు సెలవు పేరు ప్లే డే, అంటే ఆటల రోజు. ఆ రోజు డ్యూటీకి దిగితే అదనపు వేతనం వస్తుంది గనుక ఆడుకోవాలని ఎవరికీ అంతగా ఉండదన్నది వేరే సంగతి.

రెండో రకం ఇంగ్లిషు గోడల మీదా, కరెంటు స్తంభాల మీదా, పేపరులో మడిచి వచ్చే స్పోకెన్ ఇంగ్లిషు శిక్షణ కేంద్రాల కరపత్రాల్లోనూ ఉంటుంది. బాయిలు మూతపడి ఓపెన్‌కాస్టులు పెరిగి, తండ్రి ఉద్యోగం కొడుక్కి వస్తుందన్న భరోసా పలచబడిన కొద్దీ ఆ కరపత్రాల రంగులు చిక్కనయ్యాయి. వాటి సిద్ధాంతం ప్రకారం పై మాటలేవీ ఇంగ్లిషు కావు, ఇక్కడి యువతకు నోరే లేదు, ఉన్నా ముప్పై రోజుల్లో తప్ప అది తెరుచుకోదు, తెరుచుకున్నాక మాత్రం గలగలమంటుంది. డబ్బాలో గులకరాళ్లు కూడా గలగలమంటాయని రాసినవారికి తట్టలేదు. ముందు సిగ్గును ఉచితంగా పంచి, తరువాత దానికి మందును ఫీజుకు అమ్మడమే ఈ వ్యాపార రహస్యం.

మందు ఏమిటంటే, స్వపరిచయం: తన పేరు, ఊరు, తండ్రి ఉద్యోగం, తనకు లేని మూడు హాబీలు, అతిగా కష్టపడటమే తన బలహీనత అన్న ఒప్పుకోలు, ఇవన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే విద్య. ‘మైసెల్ఫ్’తో మొదలై ‘దట్సాల్ అబౌట్ మీ’తో ముగిసే ఈ దండకం పుణ్యమా అని ఓవర్‌మన్ కొడుకూ, కూరగాయల బండి నడిపే ఆమె కూతురూ ఒకే హాబీలతో బయటికి వస్తారు, మధ్యలో ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే మళ్లీ ‘మైసెల్ఫ్’ దగ్గరికి వెళ్లాల్సిందే.

నోరు పెగలని ఈ జబ్బులో జపాన్ పెద్దన్న. అక్కడి విద్యార్థి విశ్వవిద్యాలయంలో చేరేలోపు కనీసం ఆరేళ్లు ఇంగ్లిషు చదివి, ప్రవేశపరీక్ష గట్టెక్కి, విదేశీయుడు ఎదురైతే తల వంచుకుంటాడు. ఆ మౌనాన్ని పోగొట్టడానికి ప్రభుత్వం 1987లో జెట్ పథకం పెట్టి విదేశీ యువతను బడులకు రప్పిస్తుండగా, అదే మౌనం మీద ఎయికైవా, అంటే ఇంగ్లిషు సంభాషణ, నేర్పే దుకాణాలు బతికాయి; వాటిలో అతి పెద్దదైన నోవా 2007 అక్టోబరులో కుప్పకూలినప్పుడు, ముందే ఫీజు కట్టినవారికి నిజంగానే నోట మాట రాలేదు.

అసలు మందు ఇంత దూరంలో లేదు. ఇంగ్లిషు బోధన కోసమే హైదరాబాద్‌లో 1958లో కేంద్ర సంస్థ వెలిసింది. నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు చేసిన ప్రయోగంలో వ్యాకరణం వల్లెవేయించకుండా, రైళ్ల టైంటేబులో పటమో పిల్లల ముందు పెట్టి లెక్క తేల్చమన్నారు. పని మీద ధ్యాస ఉంటే భాష దాని వెంటే వస్తుందన్నది ఆ పద్ధతి సారం. హాలేజ్ దగ్గర కార్మికుడు చాలా ముందే రుజువు చేసిన సంగతి అది. నేలను తవ్వి బతికే ఊరికి నేల విడిచి సాము నేర్పేవారికి ఇది రుచించదు, ఎందుకంటే దీన్ని కరపత్రంగా వేయలేరు.

గదిలో నలభై మంది, తరగతి ఒక గంట అనుకుంటే, బోధకుడు పెదవి విప్పకుండా కూర్చున్నా తలా ఒకటిన్నర నిమిషం దక్కుతుంది. ముప్పై రోజులకు ముప్పావుగంట. కనుక చేరదలచినవారు, తమ నోటితో తాము మాట్లాడేది రోజుకు ఎన్ని నిమిషాలో ఫీజు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి. తెలుగులోనే అడగవచ్చు.