తాపీ ఆత్మకథ

లోకము తాపీని దాని రేకును బట్టి గుర్తించును. మాలు తీయుట, ఇటుకపై పరచుట, పూత పూయుట, అంచు చెక్కుట రేకు చేయు పనులే గనుక అందు తప్పేమియు లేదు. కాని హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్బీనగరు వరకు గల కాలనీలలో నాకు దక్కిన మర్యాద ఆ రేకు వలన గాక, వెనుకనున్న గుప్పెడు కొయ్యపిడి వలన దక్కినదని చెప్పిన మీరు నవ్వుదురేమో. పాలమూరు నుండి పనికై వచ్చిన మేస్త్రి నా యజమాని. ఆయన ఏ ఇంట అడుగుపెట్టినను ముందుగా నన్ను తలక్రిందులుగా పట్టుకొని, ఆ పిడితో గోడను నేలమట్టము నుండి నడుమెత్తు దాక మెల్లగా కొట్టుచు, చెవి యొగ్గి వినును. గట్టి పూత టకటకమనును. లోపల విడిపోయిన పూత బొదబొదమనును. మేస్త్రులు దానిని డొల్ల యందురు.

ఆ డొల్లల కథకు మూలము శార్వరి సంవత్సరపు అధికాశ్వయుజము. 2020 అక్టోబరు 13వ తేదీ పగటి నుండి మరునాటి వేకువ దాక కురిసిన వానకు బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా నమోదయ్యెను. అక్టోబరు మాసమున 1903 నుండి నిలిచియున్న రికార్డు దానితో చెదరిపోయెను. ఘట్‌కేసరు ప్రాంతమున 30 సెంటీమీటర్లు దాటెను. 1908 నాటి మూసీ వరద తరువాత ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టిన మాట నిజమే. కాని ఆ జలాశయములు ఎగువ నుండి వచ్చు నదిని ఆపగలవే గాని నగరము నెత్తిననే పడిన వాననెట్లాపగలవు? ఆ భారము వీధులలోని చెరువులది, నాలాలది. కుతుబ్‌షాహీల కాలపు సరూర్‌నగర్ చెరువు నిండి, మూసీ వైపు పోవలసిన నీరు, తన పాత పల్లములో ఇండ్లు లేచియుండుట చూచి, ఆ ఇండ్లలోనికే ప్రవేశించెను. కోదండరాంనగరు వంటి కాలనీలలో దినముల తరబడి నీరు నిలిచెను. ప్రభుత్వము బాధిత కుటుంబమునకు 10,000 రూపాయల తక్షణ సాయము ప్రకటించెను. జనులు బురద ఎత్తి, బ్లీచింగు చల్లి, పరుపులు పారవేసి, దీపావళికి దీపములు పెట్టుకొనిరి. వరద పోయినదనుకొనిరి.

పోలేదు. తొమ్మిదంగుళముల ఇటుకగోడ త్రాగిన నీరు ఆరుటకు వారములు గాదు, నెలలు పట్టును. చలికాలమున గోడ పైపైన ఆరి, చేతికి పొడిగా తగిలి, ఇంటివారిని నమ్మించును. లోపలి నీరు మాత్రము ఇటుకలోని, మట్టిలోని, సిమెంటులోని లవణములను కరిగించుకొని, సన్నని రంధ్రముల గుండ పైకి ప్రాకుచునే యుండును. మాఘము గడచి ఎండ ముదిరిన కొలది ఆ నీరావిరియై, ఉప్పు తెల్లని పొడిగా మిగులును; పూత వెనుక చిక్కుకొన్న స్ఫటికములు పెరుగుటకు చోటు చాలక పూతనే వెలికి త్రోయును. అందుచేత అక్టోబరులో మునిగిన ఇల్లు ఫాల్గుణమున పెచ్చులు రాల్చును.

చెరువు దిగువనున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట నేను చూచినది చెప్పెదను. ముందుగది గోడ చక్కగనే యుండెను. మేస్త్రి బీరువాను జరిపించెను. వెనుక గోడపై మోకాలెత్తున పసుపుపచ్చని చార. దానిపై జానెడు మేర ఉబ్బిన రంగు. గోటితో గీచినంతనే పిండివలె రాలు ఉప్పు. ద్వారబంధము మూలనుండి బయలుదేరిన చెదల మట్టిదారి. ఎలక్ట్రీషియను వచ్చి మెయిను తీసి స్విచ్చిబోర్డు విప్పగా అందులో ఎండిన బురద రాలెను. అయినను ఇంటి యజమాని ఆశ విడువలేదు.

"పుట్టీ పెట్టి రంగేస్తే పోతది గద మేస్త్రీ? ఉగాదికి బిడ్డ అత్తగారోళ్లొస్తున్నరు."

"పోతది సారూ. వానకాలందాంక పోతది, మల్ల వస్తది. డొల్ల గొడ్తున్నది, మీరే ఇనుండ్రి."

సారు వినెను, నమ్మలేదు. అప్పుడు మేస్త్రి జానెడు ప్లాస్టికు కవరును గోడకానించి నాలుగంచులను టేపుతో అంటించి, రెండుదినముల తరువాత వచ్చి చూపెను. కవరు లోపలివైపున, గోడను తాకు ముఖమున, చిరుచెమట పట్టియుండెను. బయటివైపున పట్టినచో అది గదిలోని తేమ. లోపలివైపున పట్టినచో గోడలోనిది. సారు మారుపలుకక సరే యనెను.

అటుపిమ్మట నా రేకునకు పని కలిగెను. చెమ్మ గుర్తుకు అడుగెత్తు పైదాక పూతనంతయు ఊడ్చి, ఇటుకల నడుమ అతుకులను అరంగుళము లోతున గీచి, ఉప్పును తీగల బ్రష్షుతో పొడిగా దులిపితిమి. నీటితో కడిగినచో ఆ ఉప్పు మరల ఇటుకలోనికే దిగును. తరువాత చేసిన పని ఏమియు చేయకుండుట: కిటికీలు తెరచి, పంకా త్రిప్పి, కొన్ని వారములు ఇటుకలను నగ్నముగా విడిచితిమి. ఉగాదికి వియ్యాలవారు వచ్చి ఆ ఎర్రని ఇటుకల నడుమనే పచ్చడి తినిరి. ఈలోగా మేస్త్రి వాకిలి చూచెను. సీసీ రోడ్డు ఒకదానిపైనొకటి వేయుచు పోగా వీధి గడపకంటె ఎత్తైపోయినది. చినుకు పడిన వాకిటి నీరు గోడ మొదటికే చేరుచున్నది. పాతరోడ్డు త్రవ్వి వేయవలెనన్న ఇంగితము ఎవరికిని తోచదు గాబోలు! వాకిలికి వెలుపలివైపు వాలు పెట్టి, ఆ నీటికి కాలువ చూపిన పిదపనే గోడకు ఒకపాలు సిమెంటు, నాలుగుపాళ్లు ఇసుక, కొంత వాటర్‌ప్రూఫు మందు కలిపి పూసితిమి. వారము తడిపి, నెల ఆరిన పిమ్మట రంగు.

ఎల్బీనగరులో పై అంతస్తు ఫ్లాటు కథ వేరు. అచట నీరు క్రిందినుండి గాదు, శ్లాబునుండి దిగెను. డాబాపై రెండంగుళముల నీరు కట్టి ఒకదినముంచగా, పిట్టగోడ శ్లాబును కలియు మూలయందు దోషము బయటపడెను. అచట లోపలి ఇనుము త్రుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును చీల్చుచుండగా, క్రింద గదివారు పైకప్పుకు మూడుమార్లు రంగు వేయించియుండిరి.

చదువరులారా, వానలో మీ ఇల్లు తడిసినదైనచో ఫాల్గుణమున బీరువాను జరిపి, మేస్త్రిని పిలిచి, నా పిడితో గోడను కొట్టించుడు. రంగుల దుకాణమునకు ఆ తరువాత పోవచ్చును.