కొండను తవ్వి కప్పను పట్టారు

కొండను తవ్వి ఎలుకను పట్టడం మన పెద్దల లెక్కలో దండగమారి పని. అమెరికాలో ఒక ఎలుక ఉంది. అది కొండల్ని తనే కడుతుంది, తనే తవ్వుతుంది, రెండింటికీ మన దగ్గరే టికెట్టు వసూలు చేస్తుంది. ఫ్లోరిడాలో ఆర్లాండో పక్కనున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఆ ఎలుకగారు 2023 జనవరిలో ఒక కొండను మూసి, ఏడాదిన్నరపాటు తవ్వి, 2024 జూన్ 28న అందులోంచి కప్పను పట్టారు.

కొండ పేరు స్ప్లాష్ మౌంటెన్. దుంగలాంటి పడవలో కూర్చోబెట్టి, చీకటి గుహల్లో కుందేలు, నక్క, ఎలుగుబంటి బొమ్మల కథ చూపించి, చివర యాభై అడుగుల ఎత్తు నుంచి నీళ్లలోకి వదిలేసేవారు. ఆ బొమ్మలన్నీ 1946 నాటి 'సాంగ్ ఆఫ్ ది సౌత్' సినిమాలోవి. బానిసత్వం పోయిన కొత్తలో తోటల్లో నల్లజాతివాళ్లు ఎంత హాయిగా పాడుకుంటూ బతికేవారో తెల్లదొరలు ఊహించుకుని తీసిన సినిమా అది. సిగ్గేసి అమెరికాలో దాని వీడియో కూడా అమ్మలేదు. సినిమాను బీరువాలో పెట్టి తాళం వేసి, బొమ్మల్ని మాత్రం ముప్పై ఏళ్లు కొండలో ఆడించారు. 2020 జూన్‌లో ఇక మార్చేస్తామన్నారు. ఆ చోట్లోకి వచ్చింది టియానా. 2009లో వచ్చిన 'ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్' నాయిక, డిస్నీవారి తొలి నల్లజాతి రాకుమారి, కప్పను ముద్దుపెట్టుకుని తానూ కప్ప అయిపోయిన పిల్ల.

మార్పు మంచిదే. ఎప్పుడో చేయాల్సింది. నన్ను ముచ్చటపరిచింది మాత్రం అభిమానుల శోకం. కొండ మూతపడగానే ఆ రైడ్ నీళ్లంటూ సీసాల్లో పట్టి ఈబేలో అమ్మకానికి పెట్టారు. కాశీ నుంచి రాగి చెంబులో గంగ తెచ్చుకునే జాతివాళ్లం మనమే వెర్రివాళ్లమనుకున్నాను ఇన్నాళ్లూ. గంగలో కనీసం క్లోరిన్ ఉండదు.

2024 ఆగస్టులో ఆ కప్పను చూసే భాగ్యం మాకూ కలిగింది. అమ్మాయి, అల్లుడు అట్లాంటాలో ఉంటారు. అక్కడినుంచి కారులో ఏడు గంటల దారి. కారులో మేమిద్దరం, వియ్యాలవారిద్దరు, పిల్లలిద్దరు, ఏడేళ్ల మా ఉమ్మడి మనవరాలు. ఇక్కడ మా వియ్యంకుడుగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన సబ్‌ట్రెజరీలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యారు. బిల్లు కనబడితే అభ్యంతరం రాయకుండా వదిలిన మనిషి కాదు. దేవుడు ప్రత్యక్షమై వరమిస్తానన్నా ఏ పద్దు కింద ఇస్తున్నారని అడిగే రకం.

కప్ప కొండ ఎక్కి, జారి, తల నుంచి నీళ్లు కారుతుండగా ఆయన అన్న మొదటి మాట ఇది: "బావగారూ, కొండ అదే. కాలవ అదే. జారుడూ అదేనంట. పాటలూ బొమ్మలూ మార్చి కొత్త కట్టడం అంటే నా దగ్గర చెల్లదు. మరమ్మతుల పద్దు కింద పెట్టమని బిల్లు వెనక్కి పంపేవాణ్ణి."

ఆయనకు బాగా నచ్చిన కథ మరొకటుంది. అదే పార్కులో, అంటే మ్యాజిక్ కింగ్డమ్‌లో, 1971 నుంచి 'మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్' అని ఉండేది. కారు పిచ్చి పట్టిన గోదురుకప్ప ఒకటి అడ్డదిడ్డంగా బండి నడిపి చివరికి నరకం దాకా వెళ్లివచ్చే కథ. 1998 సెప్టెంబరులో దాన్ని తీసేసి 'విన్నీ ది పూ' ఎలుగుబంటికి ఇచ్చారు. జనం టీషర్టులు వేసుకొచ్చి ధర్నా చేశారు. ఫలితం సున్నా. అయితే కొత్త రైడ్ లోపల గోడమీద ఒక చిన్న పటం పెట్టారు. గోదురుకప్పగారు పూ కథలోని గుడ్లగూబగారికి దస్తావేజు అందిస్తున్న బొమ్మ. అంటే స్థలం స్వచ్ఛందంగా రాసిచ్చాడన్నమాట! అల్లుడు ఆ బొమ్మ చూపించగానే వియ్యంకుడుగారు కళ్లజోడు సవరించుకుని "సాక్షి సంతకాలేవి? స్టాంపు డ్యూటీ ఎవరు కట్టారు?" అన్నారు. 1998లో స్థలం పోగొట్టుకున్న కప్పజాతికి ఇరవై ఆరేళ్లకు కొండ దక్కింది. కోర్టుకెళ్లి ఉంటే మన దగ్గర ఇంకో తరం పట్టేది.

మేం వచ్చేశాక ఇంకో ఘనకార్యం జరిగింది. మ్యాజిక్ కింగ్డమ్ మధ్యలో తవ్విన నది ఒకటి ఉండేది. టామ్ సాయర్ దీవి, దాని చుట్టూ తిరిగే ఆవిరి పడవ. ఎండలో కాళ్లు లాగిన తాతలు కాసేపు కూర్చోగలిగిన ఏకైక చోటు. 2025 జులైలో దాన్ని మూసి నీళ్లు తోడేశారు. అక్కడ 'కార్స్' సినిమా కార్లు తిరుగుతాయట. ఈ కబురు అల్లుడు ఫోన్లో చెబుతుంటే నాకు హైదరాబాద్ కళ్లముందు మెదిలింది. నీళ్లున్న చోటును పూడ్చి కార్లు తిప్పడంలో మనం వాళ్లకంటే ముందున్నాం. టికెట్టు పెట్టాలని మనకు తోచలేదు, అంతే.

రైడ్లు మారితే ఏడ్చేవాళ్లున్నారు, పాత నీళ్లు కొనేవాళ్లున్నారు. డబ్బు వసూలు పద్ధతి మారినప్పుడల్లా టీషర్టులు వేసుకొచ్చే నాథుడు మాత్రం కనబడడు. అసలు తిరిగేదంతా అక్కడే. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచిన 1955లో పెద్దలకు ప్రవేశం ఒక్క డాలరు. లోపల ప్రతి రైడ్‌కూ విడిగా చీటీ. ఆ చీటీలకు ఏ నుంచి ఇ దాకా తరగతులు వచ్చాయి. ఇ చీటీ అంటే రారాజు. 1982లో చీటీల పుస్తకాలు ఎత్తేసి గేటు దగ్గర ఒకే టికెట్టు, లోపల అన్నీ ఎక్కండన్నారు. వరస పెద్దదైంది. 1999లో ఫాస్ట్‌పాస్ పెట్టారు. చీటీ తీసుకుని ఫలానా వేళకు వస్తే వరస తప్పుతుంది. పైసా తీసుకోలేదు. కరోనా రాగానే దాన్ని ఆపారు. 2021 అక్టోబరులో ఫ్లోరిడాలో జీనీ ప్లస్ పేరుతో మళ్లీ పెట్టి మనిషికి రోజుకు పదిహేను డాలర్లన్నారు. అల్లావుద్దీన్ భూతం దీపం రుద్దితే వస్తుంది, ఇది కార్డు రుద్దితే వస్తుంది. 2024 జులైలో భూతాన్ని తీసేసి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అన్నారు. అక్టోబరు చివర్లో ప్రీమియర్ పాస్ వచ్చింది. ప్రవేశ టికెట్టు మీద అదనంగా, ఒక మనిషికి, ఒక్కరోజుకు, రద్దీని బట్టి అప్పట్లో 449 డాలర్ల దాకా. అప్పటి రేటులో రూపాయల్లోకి మారిస్తే ముప్పై ఏడు వేల పైచిలుకు. చీటీల పుస్తకం డెబ్బై ఏళ్లు తిరిగి తిరిగి ఇంటికి చేరింది. రోలర్ కోస్టర్ కూడా ఎక్కిన చోటే దింపుతుంది కదా!

వరసలో గంటన్నర నిలబడ్డాక మా వియ్యపురాలుగారు ఆ ఆగస్టులోనే ఈ విషయంలో తుది తీర్పు ఇచ్చేశారు. "ఇందులో వింతేముంది వదినా? సర్వదర్శనం, మూడొందల టికెట్టు, వీఐపీ బ్రేకు. మనం చూడనిదా? అక్కడైతే బయటికొచ్చేటప్పుడు చేతిలో ఓ లడ్డూ అయినా పెడతారు." మా ఆవిడ ఆ మాటతో ఏకీభవిస్తూ సంచిలోంచి జంతికలు తీసింది.

ఇక బస. డిస్నీ హోటళ్లలో దిగాలని మా అమ్మాయి ముచ్చటపడి రేట్లు తీసింది. అక్కడి కథా రైడ్ల కథలాంటిదే. విమానాశ్రయం నుంచి ఉచితంగా తీసుకొచ్చే బస్సు ఉండేది, 2022 జనవరితో ఆపేశారు. దిగినవాళ్లకు చేతికి కట్టుకునే మ్యాజిక్ బ్యాండ్ ఊరికే ఇచ్చేవారు, 2021 జనవరి నుంచి అదీ పోయింది. కారు పెట్టుకుంటే డబ్బు తీసుకునేవారు కాదు, 2018 మార్చిలో రాత్రికి పదమూడు నుంచి ఇరవై నాలుగు డాలర్లు మొదలెట్టారు. దాదాపు అయిదేళ్లు వసూలు చేసి, 2023 జనవరిలో పార్కింగ్ మళ్లీ ఉచితం అని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు! మన గొడుగు మనదగ్గర లాక్కుని, అయిదేళ్లు అద్దెకిచ్చి, ఒకరోజు తిరిగిచ్చేస్తే దాత అని సన్మానం చేసినట్టుంది.

ఆ మ్యాజిక్ బ్యాండ్ మహిమ మాత్రం ఒప్పుకోవాలి. గది తలుపు దానితోనే తెరుచుకుంటుంది. ఐస్‌క్రీమ్ బండి దగ్గరా, బొమ్మల కొట్లోనూ అదే తాకించి పిన్ను నొక్కితే ఖర్చంతా గది లెక్కలోకి పోతుంది, గది లెక్క వెనకాల మీ కార్డు ఉంటుంది. నోటు చేతులు మారదు కాబట్టి బాధ తెలియదు. ఖర్చుపెట్టడానికి కంకణం కట్టుకోవడమంటే ఇదే. ఒకప్పుడు వాళ్లకు సొంత నోట్లే ఉండేవి తెలుసా? 1987 నుంచి 2016 దాకా డిస్నీ డాలర్లని అమ్మారు. వాటి మీద మిక్కీ ముఖం, దాంతోపాటు ఖజానాదారు సంతకం. ఆ ఖజానాదారు ఎవరో కాదు, నాణేల గుట్టలో ఈత కొట్టే పిసినారి బాతు స్క్రూజ్ మెక్‌డక్. ఈ సంగతి విన్నాక వియ్యంకుడుగారి ముఖంలో ఆ సంస్థ మీద మొదటిసారి గౌరవం కనబడింది. "సంతకం పెట్టాల్సినవాడే పెట్టాడు బావగారూ" అన్నారు.

గౌరవం ఎంతోసేపు నిలవలేదు. గది, టికెట్లు కలిపి ప్యాకేజీగా తీసుకుంటే ముందు రెండొందల డాలర్లు, మిగతా మొత్తం బయలుదేరడానికి ముప్పై రోజుల ముందు కట్టేయాలి. ఆ తర్వాత మనసు మారితే రెండొందలు వాళ్లవి. ఆఖరి రోజున మారితే అంతా వాళ్లదే. "సరుకు ముట్టకుండా నూటికి నూరు చెల్లింపా? నా సర్వీసులో ఒక్క కాంట్రాక్టరుకి ఇవ్వలేదు!" అని ఆయన ఫైలు మూసేశారు. అలా మేం పార్కు బయట, రోడ్డు మీదున్న ఒక హోటల్లో దిగాం. చవక అని.

దాని పేరు రాయను. కౌంటర్ దగ్గర కుర్రాడు చిరునవ్వుతో చెప్పింది మాత్రం రాస్తాను. గది అద్దె మేం చూసిందే. దాని మీద పన్నెండున్నర శాతం పన్ను. సరే, ప్రభుత్వానిది. ఆపైన రాత్రికింత అని రిసార్ట్ ఫీజు. ఈతకొలను, వ్యాయామశాల, వైఫై, లోకల్ ఫోన్ కాల్స్‌కి అట. వియ్యంకుడుగారు ముందుకొచ్చారు. "బాబూ, నేను ఈత కొట్టను. వ్యాయామం మా వంశంలో లేదు. ఈ ఊళ్లో నాకు ఫోన్ చేసేంత పరిచయస్తులు లేరు." అల్లుడు దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. కుర్రాడు ఇంకా తియ్యగా నవ్వి, వాడినా వాడకపోయినా కట్టాలన్నాడు. నాకు మా అమ్మాయి పెళ్లి చేసిన కల్యాణ మండపం గుర్తొచ్చింది. హాలు అద్దె మాట్లాడుకున్నాక కరెంటు, జనరేటరు డీజిలు, క్లీనింగు, ఆఖరికి అరిటాకులు పారబోసినందుకూ విడివిడిగా రాశాడు. ఆరోజు ఆ బిల్లు మీద కూడా అభ్యంతరం రాసింది ఈయనే. మగపెళ్లివారై ఉండి ఆడపిల్లవారి బిల్లు ఆడిట్ చేసిన మహానుభావుడు మరొకరు ఉండరు.

తర్వాత ఘట్టం హోల్డ్. గదిలో ఏమైనా విరగ్గొడతామేమోనని రాత్రికి వంద డాలర్ల చొప్పున కార్డు మీద పట్టి ఉంచుతారు. తీసుకోరు, పట్టుకుంటారు. అల్లుడు కారు పార్కు చేయడానికి వెళ్లిన ఆ రెండు నిమిషాల్లో, పెద్దరికం కొద్దీ నేను నా డెబిట్ కార్డు తీసిచ్చాను. మరుక్షణం ఫోన్ మోగింది. మా బ్యాంకు వాళ్ల భాషలో పట్టుకోవడం, తీసుకోవడం ఒకటే. మూడు రాత్రులకు పాతిక వేల రూపాయలు ఖాతాలోంచి మాయం. ఏదీ విరగ్గొట్టకుండా, దుప్పట్లు కూడా మడతపెట్టి వచ్చాం. ఆ డబ్బు తిరిగి నా ఖాతాలో పడేసరికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ రోజుకు రెండుసార్లు, ఇంతెత్తు నుంచి జారినట్టు నా గుండె జారింది. దానికి వరస లేదు, లైట్నింగ్ లేన్ అక్కర్లేదు.

రిసార్ట్ ఫీజు గోడు అక్కడి ప్రభుత్వం చెవినీ పడింది. 2025 మే 12 నుంచి హోటళ్లు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే ముందు చూపించాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం పెట్టింది. ఫీజు వద్దనలేదు, చెప్పి తీసుకోమంది. ఈ వార్త కత్తిరించి వాట్సాప్‌లో పంపితే వియ్యంకుడుగారి జవాబు ఒక్క ముక్కలో వచ్చింది: "పాస్ చేయవచ్చు."

కాబట్టి వచ్చే వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లి అటునుంచి ఆర్లాండో చూడబోయే అమ్మలూ అయ్యలూ, మీకు ఇష్టమైన రైడ్ ఇంకా ఉందో, మూతపడిందో బయలుదేరే ముందే అల్లుడిచేత చూపించుకోండి. ముప్పై రోజుల గడువు తేదీని క్యాలెండర్‌లో అమావాస్య గుర్తు పెట్టినట్టు పెట్టుకోండి. హోటల్ కౌంటర్ దగ్గర అల్లుడు కారు పెట్టి వచ్చేదాకా జేబులో చెయ్యి పెట్టకండి.