తిట్టు పడితే ప్రమోషన్

పొట్టకూటి కోసం తిట్లు తినడం మనకు కొత్తేమీ కాదు. గుమాస్తా తింటాడు, బస్సు కండక్టరు తింటాడు, కూరలో ఉప్పు ఎక్కువైతే పెళ్లి వంటవాడూ తింటాడు. పాపం, వీళ్లలో ఎవరికీ తిట్టుకు గిట్టుబాటు ధర లేదు. ఆ సదుపాయం ఉన్న కొలువు నాకు తెలిసి ఒక్కటే: జబర్దస్త్ కామెడీ స్కిట్‌ల షో.

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ఆ కొలువు తెరుచుకుంది. అప్పటి జడ్జీలు నాగబాబు, రోజా. అప్పటి యాంకర్ అనసూయ. గురువారం ఒక్కటీ చాలక, మరుసటి ఏడాది రష్మి యాంకర్‌గా శుక్రవారానికి 'ఎక్స్‌ట్రా' కూడా వచ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లో వారానికి రెండు రాత్రులు అన్నాలు టీవీ ముందే.

చూసి చూసి నాకు ఆ ఉద్యోగంలో మెట్లన్నీ కంఠతా వచ్చేశాయి. కొత్త కుర్రాడికి మొదట శవం వేషం. తేలికనుకునేరు! చుట్టూ చేరినవాళ్లు ఏడుస్తూ ఏడుస్తూనే పంచ్‌లు వేస్తుంటారు. ముక్కులో దూది పెట్టుకున్నవాడు పొట్ట కదలకుండా పడుకోవాలి. పొట్ట కదిలిందా, ఆ కదలిక మీద ఇంకో పంచ్ పడుతుంది. శవంగా నెగ్గితే చీర కడతారు. స్థానం నరసింహారావుగారు రంగస్థలం మీద సత్యభామగా మెప్పించి, 1956లో పద్మశ్రీ కూడా అందుకున్న నేల మనది. అందుకే చీరకు ఎవరూ సిగ్గుపడరు. కాకపోతే ఆ సత్యభామ కాలితో తన్నేది, ఈ సత్యభామ మొగుడి చేతిలో చెంపదెబ్బ తింటుంది. ఆ పైమెట్టు టీమ్ లీడర్. అక్కడికి చేరేసరికి చమ్మక్ చంద్ర, రాకెట్ రాఘవ, చలాకీ చంటి అంటూ పేరుకు ముందో తోక మొలుస్తుంది. అసలు ఇంటిపేరు రేషన్ కార్డులో పడి ఉంటుంది.

ఏ ఆఫీసులోనైనా పైకి వెళ్లేకొద్దీ తిట్లు తగ్గుతాయి. ఇక్కడ లీడరైతేనే అసలు తిట్లు మొదలు. సుడిగాలి సుధీర్‌ని చూడండి. అక్కడున్నన్నాళ్లూ టీమ్‌లోని ఆటో రాంప్రసాద్ పంచ్ వేసిందీ అతని మీదే, గెటప్ శ్రీను వెక్కిరించిందీ అతన్నే. అమ్మాయిల వెంట పడతాడన్న నింద అతనికి పర్మనెంట్. రష్మి పేరెత్తితే చాలు, సెట్టంతా ఈలలే. ఆ నిందలే మెట్లుగా ఎక్కి అతను సినిమా హీరో అయ్యాడు. హైపర్ ఆది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి వచ్చి, అదిరే అభి టీమ్‌లో రాటుదేలి, సొంత టీమ్ పెట్టాడు. అక్కడున్నన్నాళ్లూ అతనికి తన టీమ్‌లోని రైజింగ్ రాజుగారి వయసు తరగని గని.

అన్ని తిట్లూ నవ్విస్తాయని కాదు. తన మీద తాను వేసుకున్న పంచ్ పండినట్టు, పక్కవాడి రంగు మీదో లావు మీదో వేసింది పండదు. జడ్జీలు పదికి పది ఇచ్చినా సరే, మా ఇంట్లో మా అమ్మ రిమోట్ అందుకుంటుంది.

ఈ కొలువులో ముదిరినవాళ్లకి నవ్వొక్కటే తెలుసనుకుంటే పొరపాటు. అక్కడ టీమ్ లీడర్‌గా చేసిన వేణు 2023లో 'బలగం' తీశాడు. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని మరీ ఊళ్లకు ఊళ్లు చూసి ఏడ్చాయి. ఆ సినిమా నడిచేదీ ఒక చావు చుట్టూనే. శవం పక్కన మనుషులెలా ప్రవర్తిస్తారో స్కిట్‌లు చేసినవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఇదంతా విని మా బావమరిదికి ఆశ పుట్టింది. "బావా, ఇంట్లో నన్ను తిట్టనివాళ్లు లేరు. నేనూ ఆడిషన్‌కి వెళ్లనా?" అన్నాడు.

"తిట్లు తినడంలో నీకు బోలెడంత అనుభవం ఉందిరా. కానీ తిన్నాక మొహం మాడ్చుకుంటావు. వాళ్లు పదికి పది ఇచ్చేది మాడిన మొహానికి కాదు" అన్నాను.

వాడు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.