ఇల్లు మ్యూట్‌లో ఉంది

ఇక మా కంగ్టి నుంచి వలసలు ఆగిపోయినట్టే లెక్క. దసరా దాటగానే చెరకు కొట్టడానికి పిల్లాజెల్లాతో బండెక్కే తండాలవాళ్లు, అమీర్‌పేట హాస్టళ్లలో నల్లులకు అద్దె కట్టే డిగ్రీ పిల్లలు, అందరూ ఊరికి తిరిగొచ్చి హెడ్‌సెట్లు తగిలించుకుంటారు. ఇంటి నుంచే కాల్‌సెంటర్ పని అంటూ, ‘ఊరు కదలొద్దు, ఉద్యోగం వదలొద్దు’ అని పోస్టరు మీద అంత లావు అక్షరాలు వేశాక ఇంకా అనుమానమా? పచ్చటి చేను, గట్టు మీద ల్యాప్‌టాప్, దాని ముందు నవ్వుతున్న అమ్మాయి. ఆ ల్యాప్‌టాప్‌కు ఛార్జరు వైరు లేదు, ఆ అమ్మాయి మొహాన చెమట చుక్క లేదు. నాకా బొమ్మ వాట్సాప్‌లో పదకొండుసార్లు వచ్చింది. పన్నెండోసారి పంపినవారికి ఈ వ్యాసం అంకితం.

పాలకులదీ ఇదే పాట. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు గారు 2025 ఫిబ్రవరి 11న, సైన్సులో ఆడవాళ్లను గౌరవించుకునే అంతర్జాతీయ దినం చూసి మరీ, మహిళలకు పెద్ద ఎత్తున ఇంటి నుంచి పని కల్పిస్తామన్నారు. సైన్సు పండుగ నాడు ఇంటి గడప కబురు. మన తెలంగాణలో 2024 డిసెంబరులో టీ-ఫైబర్ అన్నారు, నెలకు 300 రూపాయలకే ఇంటర్నెట్ అన్నారు, తొలి విడత పరీక్షకు మన సంగారెడ్డి జిల్లాలో సంగుపేటను ఎంచుకున్నారు. సంగుపేటవాళ్లు చల్లగా ఉండాలి. మా వాడకట్టుకు మాత్రం సెల్‌టవరే దిక్కు, అందులోనూ మబ్బు పడితే ఫోను అవతలి కర్ణాటక టవరును పట్టుకుంటుంది. ఓ రోజు మా అక్క బిడ్డ హాట్‌స్పాట్ పెట్టుకుని లాగిన్ అయితే ‘అనుమతి లేకుండా వేరే రాష్ట్రం నుంచి పనిచేస్తున్నారు, సంజాయిషీ ఇవ్వండి’ అని మెయిలొచ్చింది. ఆ పిల్ల మా ఇంట్లో మంచం మీదే ఉంది.

ఏడాదిగా ఆమె ఈ స్వర్గంలో ఉంటోంది. కంపెనీ పేరెందుకు లెండి, అన్నీ ఆ తానులో ముక్కలే. తెలుగు, కన్నడ, మరాఠీ, హిందీ గడగడా మాట్లాడుతుంది. సరిహద్దులో పుట్టినవాళ్లకు అదేం గొప్ప కాదు, నాలుగు సంతలు తిరిగితే నాలుగు భాషలు వచ్చేస్తాయి. నాలుగు భాషలకూ కలిపి జీతం మాత్రం ఒక్కటే. ఉద్యోగంలో చేరేనాడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందులో మూడో షరతు: ‘తలుపు ఉన్న, ప్రత్యేకమైన, నిశ్శబ్దమైన గది’.

నిశ్శబ్దం! కంగ్టిలో! ఈ షరతు రాసినవాడు పల్లెను క్యాలెండరు మీద చూసి ఉంటాడు. బొమ్మలో చప్పుడుండదు కనుక ఊళ్లోనూ ఉండదనుకున్నాడు. మా ఇంటికి ఎడమపక్క పిండిగిర్ని, కుడిపక్క వెల్డింగ్ షాపు. తెల్లారగానే పంచాయతీ ట్రాక్టరు పాట పెట్టుకుని చెత్తకొస్తుంది. అది మలుపు తిరగకముందే పాత ఇనుము, పగిలిన ప్లాస్టిక్ కొనే ఆటో. దాని మైకులో గొంతు ఎవరిదో గానీ మహానుభావుడు ఊపిరి తీసుకోడు. పొద్దు వాలేసరికి బర్రె అందుకుంటుంది. కాల్ ఎంతసేపట్లో ముగించాలో చెప్పే ఏహెచ్‌టీ లెక్క దానికి తెలియదు, పాలు పిండేదాకా అరుస్తూనే ఉంటుంది.

ముందు కోడి బలైంది. ఎవరికో రీఛార్జి డబ్బులు తిరిగి ఎప్పుడు పడతాయో చెబుతుండగా అది కూసింది. కాల్స్ విని మార్కులేసే క్వాలిటీ వాళ్లు ఆ కాల్‌ను ‘ఫేటల్’ అన్నారు. అంటే మిగతాదంతా తేనె పోసినట్టు మాట్లాడినా ఆ కాల్‌కు సున్నా మార్కులే. ఆ నెల ఇన్సెంటివ్ పోయింది. ఆదివారం నాడు కోడి కూరైంది. ఫేటల్ అనే మాటకు ఇంత నిక్కమైన అర్థం ఆ కంపెనీ శిక్షణ తరగతుల్లో కూడా దొరకదు.

కోడి తర్వాత మా అమ్మ వంతు. డెబ్బై ఆరేళ్లు, చలికాలమంతా దగ్గు. షిఫ్టు నడిచే తొమ్మిది గంటలూ ఆమెకు అరుగే గతి. దుప్పటి కప్పుకుని బయట కూర్చుని ఓ సాయంత్రం నన్ను అడిగింది: “ఆఫీసు ఇంటికే వచ్చిందంటివి గదరా, మరి నేనెందుకు బయటికొచ్చిన?” నా దగ్గర దానికి స్క్రిప్టు లేదు.

మా అక్క కుక్కరు విజిల్ వేయకముందే స్టవ్ కట్టేస్తోంది. కంది విరగపండే మండలంలో ఉంటూ ఏడాదిగా మేం సగం ఉడికిన పప్పు తింటున్నాం. మిక్సీ బంద్. టీవీ నడుస్తుంది గానీ మాట్లాడదు. అక్క సీరియల్‌ను పెదాల కదలికలతోనే అర్థం చేసుకుంటోంది, కథకేమీ లోటు రాలేదట. పక్కింటి పెళ్లికి డీజే తెస్తున్నారని తెలిసి మా బావ వెళ్లి బిడ్డ లంచ్ బ్రేక్ ఎప్పుడో చెప్పి, బారాత్ ఆ ముప్పై నిమిషాల్లో కానిచ్చేయమని బతిమాలాడు. పెళ్లివారు ఆయన్ను పైనుంచి కిందికి చూసి, భోజనం పెట్టి పంపారు.

అవతలి కస్టమరుకు మాత్రం ఈ నిష్ఠలేవీ వర్తించవు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బండి మీద, మెడకూ భుజానికీ నడుమ ఫోను ఇరికించి, వెనక వంద హారన్లు మోగుతుంటే ‘ఏమ్మా, నీ మాట వినిపిస్తలేదు, ఏ అడవిల ఉన్నవ్?’ అని అరుస్తాడు. అసౌకర్యానికి చింతించాల్సింది మా పిల్ల.

చప్పుళ్లన్నీ తీసేశాక ఇక మిగిలింది ఆ పిల్ల గొంతు. అదీ చప్పుడేనట. యాస ‘న్యూట్రల్‌’గా లేదన్నారు. ‘ఏమైంది సార్, జెప్పుండ్రి’ అంటే మార్కులు కోత. ‘మీకు కలిగిన అసౌకర్యమునకు మేము మనస్ఫూర్తిగా చింతిస్తున్నాము, నేను మీకు ఏ విధముగా సహాయపడగలను’ అనాలి. ఈ తెలుగు ఏ జిల్లాలో మాట్లాడతారో ఎవరైనా చూపిస్తే నేను అక్కడికే కాపురం మారుస్తాను. ఇదేదో ఒక టీం లీడరు పిచ్చి అనుకోకండి. ఫ్రెంచి కంపెనీ టెలీపెర్ఫార్మెన్స్, 2025 మొదట్లో, ఇండియాలోని తన ఏజెంట్ల ఇంగ్లిష్ యాసను మాట్లాడుతుండగానే మార్చేసే సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్టు చెప్పుకుంది. సనాస్ అనే సంస్థ తయారుచేసిన ఆ సరుకు వెనక వినిపించే చప్పుళ్లను కూడా తుడిచేస్తుంది. కోడి కూతకూ, పుట్టిన ఊరి మాటకూ ఒకే చీపురు.

కోళ్ల సంగతి వదిలేసి డబ్బు సంగతి చూడండి. 2020కి ముందు కాల్‌సెంటర్ ఉద్యోగిని ఇంట్లో కూర్చోబెట్టి పనిచేయించుకోవాలంటే కంపెనీ టెలికాం శాఖకు కోటి రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాల్సి ఉండేది. కరోనా రాగానే మార్చిలో దాన్ని సడలించారు, నవంబరులో కొత్త మార్గదర్శకాలతో ఎత్తేశారు. ఎత్తేస్తే ఎత్తేశారు, కానీ ఆ గ్యారంటీ ఎక్కడికీ పోలేదు, కంపెనీ నెత్తి నుంచి దిగి మా బావ నెత్తికెక్కింది. ఇన్వర్టరు ఆయనే కొన్నాడు. కుర్చీ ఆయనే కొన్నాడు. రెండో సిమ్ము, రౌటరు, చెవులు నొప్పి పుట్టని హెడ్‌సెట్టు, అన్నీ పత్తి అమ్మిన డబ్బులే. ఆఫీసులో కరెంటు పోతే జనరేటరు వేసుకోవడం కంపెనీ పని. మా ఇంట్లో పోతే ఆ గంట జీతం కోసి, పైగా ‘క్రమశిక్షణ లేదు’ అని రాస్తారు. గాలివానకు స్తంభం పడిపోవడం ఒక ఇరవై రెండేళ్ల పిల్ల క్రమశిక్షణ ఎలా అవుతుంది?

ఆ కరెంటు కూడా ఎవరిది? గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. పేదింట్లో బల్బు వెలగాలని జనం పన్ను కడితే, దాంతో ఓ కంపెనీ కాల్‌సెంటరు నడుస్తోంది. ఎండాకాలం మీటరు 200 దాటితే సున్నా బిల్లు మాయమై మొత్తం సొమ్ము కట్టాల్సి వస్తుంది. ఆ బిల్లు మీద మా బావ పేరే ఉంటుంది. కంపెనీకి మాత్రం హైటెక్ సిటీలో అంతస్తుకు అద్దె మిగిలింది, క్యాంటీన్ మిగిలింది, రాత్రి డ్యూటీ ఆడపిల్లను గుమ్మం దాకా దింపే క్యాబు మిగిలింది. ఇంత మిగుల్చుకుని, ‘ఇంట్లోనే ఉన్నారు కదా, ఖర్చేముంది’ అని జీతం తక్కువ. సిగ్గనేది ఏ ధరకు దొరుకుతుందో వీళ్లకు ఎవరైనా చెప్పాలి.

పల్లెకు ఈ పని తేవడం కొత్త కూడా కాదు. సత్యం రామలింగరాజు కుటుంబపు బైర్రాజు ఫౌండేషన్ ఇరవై ఏళ్ల కిందటే గోదావరి జిల్లాల్లో, జల్లికాకినాడ వంటి ఊళ్లలో ‘గ్రామ్ఐటీ’ పేరుతో పల్లె బీపీవోలు పెట్టింది. 2009 జనవరి 7న దొంగలెక్కలు ఒప్పుకున్న రాజుగారి ఉత్తరం బయటపడ్డాక సత్యం ఏమైందో అందరికీ తెలుసు, ఆయన్ని వెనకేసుకొచ్చే పని నాకు లేదు. కానీ ఆ గ్రామ్ఐటీలో పని చేయడానికో చోటుండేది. పిల్లలు ఆ చోటికి పోయి పనిచేసి, గంట కొట్టగానే ఇంటికొచ్చేవారు. దొంగలెక్కలు రాసినవాడికి తోచిన పాటి ఇంగితం దొరల్లాంటి ఈ కంపెనీలకు తోచలేదు. మండలానికో గది, పది కుర్చీలు, ఒక జనరేటరు పెట్టలేరా? పెట్టగలరు. పెడితే అద్దె కట్టాలి.

ఇక ‘ముఖ్యంగా ఆడవాళ్ల కోసం’ అనే మాట. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆడపిల్ల ఇంట్లో ఉందంటే ఖాళీగా ఉన్నట్టే మన లెక్క. హోల్డ్‌లో పెట్టిన రెండు నిమిషాల్లో పాలు దింపాలి, బ్రేక్‌లో బట్టలు తీయాలి. మరుగుదొడ్డికి పోయే నిమిషాలకు కూడా ‘బయో బ్రేక్’ అని పేరు పెట్టి లెక్కగట్టే ఉద్యోగం అటు, ‘ఏం పని చేస్తుందమ్మా, కూర్చుని ముచ్చట్లే కదా’ అనే చుట్టాలు ఇటు. ఆ ముచ్చట్లలో రోజుకు ఎన్ని బూతులు వింటుందో చుట్టాలకు తెలియదు. ఆఫీసులో అయితే పక్క సీటు పిల్ల భుజం మీద చెయ్యేసేది, క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ ఆ కస్టమరును ఇద్దరూ కలిసి తిట్టుకునేవారు. ఇక్కడ భుజం మీద చెయ్యేసేవాళ్లంతా అరుగు మీద ఉన్నారు, లోపలికి రాకూడదు. గదిలో పెన్ను ఉండకూడదు, కాగితం ఉండకూడదు, దానికి ‘క్లీన్ డెస్క్’ అని పేరు.

లాభాలు లేవా అంటే ఉన్నాయి, అబద్ధమెందుకు? హాస్టలు ఖర్చు తప్పింది. నడవలేని కుర్రాళ్లకు, చంటిబిడ్డ తల్లులకు ఇది నిజంగానే ఓ దారి. మా పిల్ల జీతంతోనే పోయిన వానాకాలం ఎరువులొచ్చాయి. ఆ మాట మా బావ ఊరంతా చెప్పుకున్నాడు, నేనూ చెప్పుకున్నాను.

అయితే ఆ లాభమైనా ఎన్నాళ్లో. స్వీడన్‌లో క్లార్నా అని అప్పులిచ్చే కంపెనీ ఒకటుంది. 700 మంది ఏజెంట్లు చేసేంత పని మా ఏఐ ఒక్కటే చేస్తోందని 2024లో చాటింపు వేసింది. మరుసటి ఏడాదే నాణ్యత పడిపోయిందని దాని అధిపతే ఒప్పుకుని, మళ్లీ మనుషుల కోసం వెతికాడు. ఎవరి కోసమనుకున్నారు? ఇంటి నుంచే, వీలున్నప్పుడే పనిచేసే విద్యార్థులు, పల్లెవాళ్లు. మిషన్ కన్నా ఓపికగా, మనిషి కన్నా చౌకగా దొరికే జీవులు మేమేనని స్వీడన్ దాకా తెలిసిపోయింది.

మొన్న టీం లీడరు దగ్గర్నుంచి కొత్త మెయిలొచ్చింది. కాల్స్‌లో సీలింగ్ ఫ్యాన్ గరగర వినిపిస్తోందట, షిఫ్టు వేళల్లో ఆపేయాలట. బర్రె కోసమని కిటికీ ఎప్పుడో మూసేశాం. ఏప్రిల్ రెండో వారం నడుస్తోంది. మా అమ్మ అరుగు మీది నుంచి తన ఇసనకర్ర లోపలికి పంపింది. కెమెరాలో చెయ్యి ఊగుతూ కనిపించొద్దన్నారని, పిల్ల దాన్ని తిరిగి పంపించింది.