‘మార్చేద్దాం సార్’: సటీకా తాత్పర్యము

మూలము

“అద్దం పోయింది. రిపేరవదు. సెట్టు మొత్తం మార్చేద్దాం సార్. మనకెందుకు రిస్కు!”

అవతారిక

సంక్రాంతికి కోనసీమలోని యత్తవారింటికి కారులో విచ్చేసిన యల్లుడొకడు, పుష్యమాసమైనను మధ్యాహ్నపుటెండకు జడిసి, నీడ యున్నదిగదా యని పెరటి కొబ్బరిచెట్టు క్రింద వాహనమును నిలిపి, లోపలికేగి అరిసె తుంచి నోటనిడుకొనుచుండగా, సుమారు 20 మీటర్ల యెత్తుననున్న గెలనుండి ముదురుకాయ యొకటి తొడిమ వీడి, రెండు సెకనులలో నేలను ముట్టవలసినది, నడుమ కారు అడ్డమగుటచే నేలదాక రానక్కరలేక, దాని నెత్తిననున్న సన్‌రూఫు అద్దముపై వ్రాలెను. ఆ యల్లుడను నేనే. గాలి యొరపిడిని లెక్కలోనికి గొనకున్నచో, ఆ యెత్తునుండి జారిన వస్తువు నేలను సమీపించుసరికి గంటకు 70 కిలోమీటర్ల వేగమందుకొనును. కోనసీమ కాలువగట్ల దారులలో నా కారు ఆ వేగమును ఎన్నడును అందుకొనియెరుగదు.

శాస్త్రకారులు దీనిని కాకతాళీయ న్యాయమందురు. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఏకకాలమున జరిగిన, ఒకదానికొకటి కారణము గాదని దాని భావము. ఇచట కాకి లేదు, తాడికి మారుగా నారికేళమున్నది, కారణమును మా యింటియామె తడవుకొనక చెప్పగలిగినది: “చెట్టు కింద పెట్టొద్దని చెప్పానా లేదా?” ఇట్టి ప్రత్యక్ష ప్రమాణముండగా న్యాయశాస్త్రముతో పనిలేదు. అయినను ఆలంకారికులు నారికేళపాకమని యొక దుర్గమ కవితాపాకమునేల కల్పించిరో, పీచు మందమెంతయో, లోని నీరు చేరుట యెంత దుర్లభమో, నాకు ఆనాడే పూర్తిగా బోధపడినదని మనవి చేయక తప్పదు.

పగిలినచోట పాలిథీను పట్టా కప్పి, అంచులకు టేపు బిగించి, రాజమహేంద్రవరమునందలి యొక షెడ్డునకు చేరగా, మెకానిక్కు బానెట్టుపై చేయివైచి, తలయెత్తి యొకసారి చూచి, పై వాక్యమును పలికెను. సూత్రమునకుండవలసిన గుణములలో స్వల్పాక్షరత్వము దీనియందు సంపూర్ణముగ గలదు. అసందిగ్ధత్వము మాత్రము మృగ్యము. అందుచేత టీక యవసరమైనది.

మెతుకుసీమలోని కొలిచెలమ వాడైన మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిజ్ఞ పట్టి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య రచించెను. దుర్వ్యాఖ్యలనెడి విషముచే మూర్ఛిల్లిన కాళిదాసుని వాక్కును బ్రతికించుటకై తన వ్యాఖ్యకు సంజీవని యని పేరిడెను. అనగా ఆ మహానుభావునిది రిపేరు పక్షము. ఆయన ప్రతిజ్ఞలో రెండవ సగమును నేను పాటించలేనని ముందే యొప్పుకొనుచున్నాను.

ప్రతిపదార్థము

అద్దం: ముఖము చూచుకొనునదియు అద్దమే, కిటికీకి బిగించునదియు అద్దమే యగుటచే తెలుగున నీ పదము నానార్థకము. ప్రకృతమున రెండవ యర్థమే గ్రాహ్యము. అయితే ఆ రెండవ యర్థమునందును రెండు జాతులున్నవని తెలియనివాడు ఈ వాక్యమును ఛేదింపజాలడు. కారు ముందుభాగమున నుండునది రెండు పలకల నడుమ జిగురుపొర నిడి యతికినది. దెబ్బ తగిలిన సాలెగూడువలె బీటలువారునేగాని చెల్లాచెదరు గాదు. ఫ్రాన్సు దేశమున ఎడువార్ బెనెడిక్టస్ అను రసాయనికుడు 1903లో తన చేతినుండి జారిన గాజుబుడ్డి, లోన నారపొరవలె ఆరి యంటుకొనియున్న ద్రావకము కతమున పగిలియు విడిపోకుండుట గమనించి, 1909లో ఈ యద్దమునకు పేటెంటు పడసెను. చేతినుండి బుడ్డి జారుట యందరకు ననుభవమే. జారినదానిని చీపురుతో ఊడ్చివేయక వంగి చూచినవాడు ఆయన.

రెండవ జాతిది ఒంటిపలక. దీనిని 600 డిగ్రీలకు పైగా కాచి, నలుదెసలనుండి చల్లగాలి నొక్కుమ్మడిగ చిమ్మి చల్లార్తురు. పైపొర ముందు గట్టిపడును, లోపొర తరువాత చల్లబడుచు లోనికి గుంజును. కావున పైభాగము ఎల్లకాలము ఒత్తిడిలోను, అంతర్భాగము ఎల్లకాలము ఈడ్పులోను ఉండును. ఇంటికి వచ్చిన చుట్టములయెదుట చిరునవ్వు చెదరనీయక, లోలోపల నుడికిపోవు పెద్దకోడలి స్థితి యిట్టిదే. నడుమ మోస్తరు దెబ్బ తగిలినను సహించును. అంచున చిన్న నొక్కు పడి పైపొర తెగిన క్షణముననే లోనున్న ఈడ్పంతయు విడుదలయై, పలక పలకయంతయు పటికబెల్లపు ముక్కలై రాలును. ముక్కలకు వాదర యుండదు గనుక మెడ కోసుకొనదు. అదియే దాని సుగుణము. సన్‌రూఫులలో మిక్కిలిగ గానవచ్చునది ఈ జాతియే. అతుకుపలకలు వాడినవియు గలవు.

ఏది యేదియో తెలియుట యెట్లు? అద్దపు మూలను చూడవలెను. మన ప్రబంధకవులు ఆశ్వాసాంతమున గద్య వ్రాసి తమ పేరును, తండ్రి పేరును, బిరుదములను చెప్పుకొనినట్లే, అద్దము చేసినవారు మూలను చీమతలలంత యక్షరములతో తమ గద్యను ముద్రింతురు. అందు టెంపర్డ్ అనియో లామినేటెడ్ అనియో యుండును. నా యద్దపు గద్య వెనుకసీటుపై మూడు ముక్కలుగా దొరికినది. టెంపర్డ్.

పోయింది: పోవుట యనగా వెళ్ళుట. కాని తెలుగువానికి కరెంటును పోవును, పరువును పోవును, ప్రాణమును పోవును. ఇవి వెళ్ళినచోటు తెలియదు. అద్దము మాత్రము ఎచటికిని పోలేదు. సీట్ల సందులలో, సీటుబెల్టు బొరియలలో, పిల్లవాని చెప్పులలో, అత్తగారు కట్టియిచ్చిన సున్నుండల డబ్బామూతపై నున్నది. అన్నిటికన్న ముఖ్యముగ, అద్దము జరుగు పట్టాల గాడిలోనున్నది. దీని సంగతి ముందు వచ్చును.

రిపేరవదు: ఈ మాట సత్యము. టెంపర్డ్ అద్దమునకు చికిత్స లేదు. ముక్కలైనదానిని అతుకలేరు, అతికినను ఆ లోపలి బిగువు తిరిగి రాదు. అతుకుపలక యద్దమైనచో చిన్న నెరియను జిగురుపోసి మాన్పవచ్చును. ఇంతవరకు మెకానిక్కు ఋషియే. అయితే ‘రిపేరవదు’ అను క్రియకు కర్త అద్దము మాత్రమే. తరువాతి వాక్యమున నతడు కర్తను మార్చివేసి, ఆ క్రియాఫలమును సెట్టు మొత్తమునకు అంటగట్టెను. వ్యాకరణమున దీనిని దోషమందురు. షెడ్డులలో దీనికి వేరే పేరున్నది.

సెట్టు మొత్తం: సన్‌రూఫనగా అద్దమొక్కటియే గాదు. అద్దమును మోయు చట్రము, అది జరుగు రెండు పట్టాలు, లాగు తీగలు, త్రిప్పు మోటారు, చుట్టును నీటికాలువ, ఆ కాలువ నాలుగు మూలలనుండి స్తంభములలోపలగా దిగజారు సన్నని గొట్టములు, క్రింద ఎండ కడ్డుగా తెర. ఆగమశాస్త్రములు జీర్ణోద్ధరణ ప్రకరణమున, బింబమునకు ప్రధానాంగము భిన్నమైన నొక విధియు, వ్రేలో గోరో తరిగిన వేరొక విధియు చెప్పి, ఏది చెడిన ఏది మార్చవలెనో నిర్ణయించినవి. గుడికట్టినవారికున్న యీ వివేకము సెట్టమ్మువారికేల లేకపోవలెను? చాల కార్లలో ఈ యద్దము ఇరుప్రక్కల కొలదిపాటి మరలతో బిగింపబడి, లోపలి కప్పుగుడ్డను ఊడదీయకుండగనే దిగివచ్చును. సెట్టు మొత్తము మార్చవలెనన్న కప్పుగుడ్డ యంతయు దించవలెను. దించిన గుడ్డ మరల పూర్వపు మడతలతో కూర్చుండుట మన పట్టుచీర లాండ్రీనుండి వచ్చుటవంటిది.

అయితే సెట్టు మార్చవలసిన సందర్భమే లేదనుట మూర్ఖత. కాయ దెబ్బకు పట్టా వంగియుండవచ్చును. దానిని నిర్ణయించుటకు అద్దము తీసివేసి, గాడిలోని ముక్కలన్నిటిని వాక్యూముతో లాగివేసిన పిమ్మట మాత్రమే మోటారు నడిపి, ఇరువైపుల చేతులు సమముగ లేచి సమముగ జరుగునో లేదో చూచుట యుత్తమమార్గము. ముక్కలు తీయకుండ మీట నొక్కినవాడు తన పట్టాలను తానే చెడగొట్టుకొనినవాడగును. అపుడు మెకానిక్కు వాక్యము అక్షరాల నిజమగును. నా యెదుట నతని చేయి ఆ మీటవైపు పోవుట చూచి, నేను గభాలున తాళము తీసికొంటిని.

మార్చేద్దాం: ఈ వాక్యమునకు ప్రాణము. మార్చు ధాతువు, దానిపై వేయు అను సహాయక్రియ, దానిపై ఉత్తమపురుష బహువచనము. వేయుటచే కార్యము మరల వెనుదిరుగనిదగును: తినేద్దాం, అమ్మేద్దాం. ఇక బహువచనము. సంస్కృతమున ‘మేము’, ‘మనము’ అను భేదము లేదు; వయమ్ అనిన చాలును, వినువాడు లోపలనో వెలుపలనో తేలదు. తెలుగున ఆ సందిగ్ధమునకు తావులేదు. ‘-దాం’ అనగనే వినువాడు లోపల పడినాడు. మార్చునది అతడు, మార్పించుకొనునది నేను, మారునది అద్దము, ఖర్చగునది నా జీతము. ఇంతమందిని ఒక్క ప్రత్యయమున గుదిగ్రుచ్చిన శక్తి మహాకవులయందును అరుదు.

సార్: సంబోధన ప్రథమావిభక్తి. వ్యాకర్తలు అన్యదేశ్యమని త్రోసివేయుదురుగాని, ఇచటిది పాదపూరణమాత్రము గాదు. ముందు పదపు బరువును మోయుటకు పెట్టిన చుట్టకుదురు.

మనకెందుకు రిస్కు: దేహళీదీప న్యాయమున ‘మన’ శబ్దము రెండువైపుల వెలుగును. సెట్టు మార్చిన అతనికి రిస్కు లేదు, మార్చకున్న నాకు రిస్కున్నది.

పాఠాంతరము

కొన్ని షెడ్డులలో “ఇన్సూరెన్సులో పెట్టేద్దాం సార్” అను పాఠము గలదు. ఇదియు గ్రాహ్యమే, కాని అర్థము విచారింపవలెను. సొంతనష్టము చెల్లించు పాలసీయుండిన, అద్దపు భాగములకు తరుగుదల కోయరు. రబ్బరు, ప్లాస్టిక్కు భాగములకు 50 శాతము కోయుదురు. తప్పనిసరిగ మనము భరింపవలసిన మొత్తము వేరుగ నుండును. వీనికన్న గుప్తమైనది నో క్లెయిమ్ బోనసు. ఒక యేడు క్లెయిము లేకున్న 20 శాతమున మొదలై, ఐదేండ్లకు 50 శాతము వరకు పెరుగు ఈ తగ్గింపు, దానిని కాపాడు అదనపు కవరు కొనియుండనిచో, ఒక్క క్లెయిముతో సున్నయగును. ఒక్క యద్దము ఖరీదు, ముందేండ్లలో పోవు బోనసుకన్న తక్కువయైనచో, జేబునుండి ఇచ్చుటయే లాభము. సెట్టు మొత్తమైనచో లెక్క తిరుగబడును. అందుకే కాబోలు, ఈ పాఠమునకును ‘సెట్టు మొత్తం’ అను పూర్వపాఠమునకును అంత చక్కని పొత్తు కుదిరినది.

అలంకారము

తొలకారున కారు కారుట యమకము. ఈ యమకమును మా తోడల్లుడుగారు నిరుడు స్వయముగ ననుభవించిరి. చినుకు పడినపుడెల్ల వారి యెడమభుజము తడిసెడిది. ఆయనకును సెట్టు మార్చవలెననియే చెప్పిరట. సన్‌రూఫు రబ్బరు నీటిని పూర్తిగ నాపవలెనని లోకులనుకొందురు. అది నిజముగాదు. కొంత నీరు లోనికి వచ్చుననియే ఎరిగి చుట్టును కాలువ త్రవ్వి, గొట్టములు పెట్టి, చక్రముల వెనుకనుండి క్రిందికి విడుచునట్లు నిర్మించినారు. ఆ గొట్టము నోట వేపపూతయు దుమ్మును చేరి బిరడాయైనచో, కాలువ నిండి కప్పుగుడ్డలోనికి పొర్లును. కాలువ మూలను చెంబెడు నీరు మెల్లగ పోసి, కారు క్రింద పడుచున్నదో లేదో చూచిన చాలును. పడకున్న, సన్నని నైలాను తీగను మెల్లగ జొనిపి పూడు తీయవలెను. గాలిపంపుతో బలముగ నూదిన గొట్టము లోలోపల కీలు వీడును, అపుడు ఎడమభుజముతోబాటు కుడిభుజమును తడియును. తోడల్లుడుగారి కారునకు పట్టిన వైద్యవ్యయము, ఒక చెంబు నీరు, మూరెడు తీగ. రబ్బరుపై సిలికాను పూయువారును గలరు. వారు కాలువను గూడ పూడ్చిపెట్టుదురు.

మూడవ పక్షము

మామగారిది. “ఆ బొక్కకి రేకు పెట్టి వెల్డింగు చేయించెయ్యండి అల్లుడుగారూ. అంబాసిడర్‌కి ఇదుండేదా?” లేదు. ఆ కారు మీద కాయ పడిన కాయకే గాయమయ్యెడిదని వారి వాదము, దానికి సమాధానము దొరకలేదు. పైగా ఈ రెండేండ్లలో నేనీ సన్‌రూఫును తెరచిన దినములను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. మన యెండకు తెరచువాడు లేడు, మన దుమ్ముకు తెరచువాడు లేడు, తెరచినచో పిల్లలు సీటెక్కి తల బయటపెట్టి నిలుతురు, అది బ్రేకు పడిన క్షణమున ప్రాణాంతకము. అయినను మామగారి పక్షము నంగీకరింపలేకపోతిని. కొన్ననాడు ఆ గాజుకిటికీకే కదా నేను ఎక్కువ డబ్బిచ్చినది.

తాత్పర్యము

అద్దము మార్చవలెను, తక్కినది శుభ్రపరుపవలెను. పట్టాలు వంగినవో లేదో చూచిన పిమ్మట గాని సెట్టు ప్రసక్తి తేరాదు.

నేనీ తాత్పర్యమును మెకానిక్కునకు వినిపింపగా, అతడు కొంతసేపు మిన్నకుండి, “సరే, అద్దమే వేస్తాలెండి” అనెను. వేస్తాను: ఏకవచనము. సార్ లేదు. పట్టాలు వంగలేదు. పదునొకండు దినములకు అద్దము వచ్చినది, మరలు బిగించి, మీటను నొక్కిపట్టి మోటారునకు దాని హద్దులు మరల నేర్పి, బిల్లు వ్రాసి నాచేతికిచ్చుచు అతడనెను: “మీరు కట్టాల్సింది ఇదండీ సార్.” మధ్యమపురుష.