పిన్‌కోడ్ మావయ్య

చెల్లి పెళ్లి శుభలేఖ పంపాలని జగదల్‌పూర్ మావయ్యకి ఫోన్ చేసి అడ్రసు అడిగాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఇంటి నంబరూ వీధీ గబగబా చెప్పేశారు. పిన్‌కోడ్ దగ్గరికొచ్చేసరికి కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"494001. రాసుకున్నావా? అంకెలు కూడు."

"పద్దెనిమిది."

"అంటే తొమ్మిదితో పోతుంది. భాగించు."

స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. అయినా భాగించాను. 54889 వచ్చింది.

"ఇది ప్రధాన సంఖ్యేమో మావయ్యా."

"అందరూ అక్కడే బోల్తా పడతార్రా! 131 ఇంటూ 419. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే," అన్నారు, ఇద్దరు కొడుకులకీ ఉద్యోగాలొచ్చినంత సంబరంగా.

ఇలాంటివాళ్లు ఊరికొకరుంటారు. బస్సు టిక్కెట్టు మీద అంకెలు కూడతారు, లారీ నంబరు ఏ ఎక్కంలో వస్తుందో తేలేదాకా రోడ్డు దాటరు. జగదల్‌పూర్ ఉన్న బస్తర్‌లోని వాళ్లు చుట్టాలకి డెబ్భై అయిదు రోజుల దసరా గురించి చెప్పుకుంటారు. మావయ్యకి పిన్‌కోడే దసరా. నన్ను చిత్రకోట్ జలపాతం చూపించడానికి తీసుకెళ్లినప్పుడు అవతల ఇంద్రావతి నది మొత్తం దూకుతుంటే, ఈయన దానికి వీపు పెట్టి నిలబడి, 494001కి కారణాంకాలు పన్నెండని అరిచి మరీ చెప్పారు.

ఇప్పుడు ఫోన్‌లోనూ అదే వరస. "ఆ పన్నెండు కారణాంకాలూ కూడితే ఎంతో తెలుసా? 720720! 1 నుంచి 16 దాకా దేంతో భాగించినా శేషం సున్నా. అలాంటి సంఖ్యల్లో ఇదే అన్నిటికన్నా చిన్నది. 1972లో పిన్‌కోడ్ పెట్టిన వేలంకర్ గారికైనా తెలుసో లేదో! ఏ ఊరికుందిరా ఈ యోగం?"

ఫోన్ అత్తయ్య లాక్కుంది. "494001ని పక్కన పెట్టి మిగతా పదకొండూ కూడితే 226719. అసల్లో సగం కూడా లేదు, మా పెన్షన్‌లాగే. ఆ ముక్క మాత్రం చెప్పరు. మొన్న కిలో చింతపండు తెమ్మంటే కిలో మూడొందల పది గ్రాములు తెచ్చారు. 131 కలిసొచ్చిందట!"

పెళ్లికి ఇద్దరూ కిరండూల్ రైలెక్కి వచ్చారు. చదివింపుల బల్ల దగ్గర మావయ్య 1,179 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చారు. పద్దు రాస్తున్న బాబాయ్ తలెత్తాడు.

"వెయ్యిన్నూట పదహార్లు కదండీ ఆనవాయితీ?"

"1,116 సరి సంఖ్య. మా పిన్‌కోడ్ బేసి. ఎన్నిసార్లు భాగించినా శేషం మిగులుతుంది. 1,179 అయితే సరిగ్గా 419 సార్లు పోతుంది."

బాబాయ్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. అరవై మూడు రూపాయలు ఎక్కువే వచ్చాయి గనక వాదించకుండా రాసుకున్నాడు. వెనక వరస పెరుగుతోంది.

"ఏ ఊరండీ తమరిది?" అన్నాడు మర్యాదకి.

మావయ్య కుర్చీ లాక్కున్నారు.